మిరప ఘాటులో ఊపిరి పాఠం

మిరపకాయలు ఎండే రోజుల్లో ఎవరైనా గుంటూరు వైపు ఊపిరి పీల్చుకోవడానికి వెళ్తారా అని మా స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. యోగా నేర్చుకోవాలంటే అరకు ఉంది, మారేడుమిల్లి ఉంది, చల్లగా ఏ కొండ మీదో కూర్చోవచ్చు కదా అన్నారు. నిజమే. కానీ నాకు నేర్పుతానన్న మనిషి దర్శికీ పొదిలికీ మధ్య ఒక మెట్ట ఊళ్ళో ఉన్నారు. ఆవిడ పేరు సలోమమ్మ గారు, మా డ్రాయింగ్ టీచరుకి పెద్దమ్మ. నర్సుగా రిటైరై, నడుం నొప్పి కోసం నేర్చుకున్న యోగాని ఇప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళకి ఊరికే నేర్పుతున్నారు. "కాకినాడ గాలి మీకు చాల్లే గానీ, పది రోజులు మా ఊరి గాలికి వచ్చి చూడండి" అని ఫోనులో అన్నారు. అది ఎలాంటి గాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను పద్దెనిమిదేళ్ళుగా బడిలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. గట్టి నోరు గల మనిషినని పేరు. క్రితం వానాకాలంలో ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయిని కాపీ కొట్టినందుకు మందలించాను. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి, నలభై మంది పిల్లల ముందు, పది నిమిషాల సేపు నన్ను నానా మాటలూ అన్నాడు. నేను ఒక్క మాటా తిరిగి అనలేకపోయాను. ఆయన వెళ్ళాక పాఠం మొదలుపెడదామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. ఆ రోజు నుంచి అంతే. ఇంట్లో మాట్లాడతాను, కూరగాయల దగ్గర బేరమాడతాను, నలుగురి ముందు నిలబడితే మాత్రం గుండె దడదడలాడుతుంది, నాలుక పిడచగట్టుకుపోతుంది, మాట రాదు. ఆరు నెలలు పాఠాలన్నీ బోర్డు మీద రాసి నెట్టుకొచ్చాను. డాక్టరు గారు గొంతులో ఏ లోపమూ లేదనీ, ఇది ఆందోళన అనీ చెప్పి, మాత్రలు రాసి, యోగా కూడా చేయమన్నారు. మా హెడ్ మాస్టరు మంచాయన. "లైబ్రరీ, రికార్డులు చూసుకోండమ్మా. మాట్లాడే పనుండదు. పది రోజులు సెలవు తీసుకోండి. అదయ్యాక సోమవారం పొద్దున చెప్పండి, క్లాసో లైబ్రరీయో" అన్నారు. ఆయన దయతోనే అన్నారు. నేను మాత్రం ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకే పనీ రాదు, ఇంకే పనీ ఇష్టం లేదు.

గుంటూరు

రైలు దిగి నాలుగడుగులు వేశానో లేదో తుమ్ము వచ్చింది. వెంటనే ఇంకోటి. స్టేషను బయట ఆటో అతను నన్ను చూసి, "కొత్తా అమ్మా?" అన్నాడు. ఎలా తెలిసిందన్నాను. "మావాళ్ళు తుమ్మరు" అన్నాడు. బస్టాండుకి వంద అడిగి ఎనభైకి ఒప్పుకుని, మిర్చి యార్డు వైపు తిప్పి తీసుకెళ్ళమంటారా, చూసినట్టుంటుంది అని ఊరించాడు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వద్దని తల ఊపాను.

అద్దంకి బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. మెళ్ళో పసుపుతాడు, ఒళ్ళో స్టీలు క్యారేజీ. కూర్చున్న నిమిషంలోనే, "యాడికమ్మా?" అంది.

"దర్శి అండి."

"ఏందీ?"

"దర్శి అండి."

"ఏందమ్మా, నోట్లో నోట్లో మాట్లాడతన్నావు? ఒంట్లో బాగలేదా?"

బస్సంతా మా వైపు తిరిగింది. మా గోదావరి వైపు ఇలాంటి ప్రశ్న వేయాలంటే ముందు పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి, "మరేనండీ, ఏమనుకోకండే" అని మొదలుపెడతారు. ఇక్కడ ముసుగులో గుద్దులాట లేదు. అడిగేది మొహమ్మీదే అడుగుతారు. ఒంట్లో బాగానే ఉందన్నాను. ఆవిడ నమ్మలేదు. చిలకలూరిపేట వచ్చేసరికి క్యారేజీ విప్పి, మూతలో పెరుగన్నం, వేయించిన ఊరమిరపకాయ పెట్టి నా చేతికిచ్చింది. "తిను. గొంతు లేస్తది" అంది. ఆ మిరపకాయ సగం కొరికాక గొంతు లేవలేదు గానీ కళ్ళలో నీళ్ళు మాత్రం లేచాయి. ఆవిడ మంచినీళ్ళ సీసా అందిస్తూ, పొలంలో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకి పిలిచీ పిలిచీ తమ ఇంట్లో అందరికీ గొంతులు పెద్దవయ్యాయనీ, కొత్తగా వచ్చిన కోడలు మొదటి నెలంతా వీళ్ళు పోట్లాడుకుంటున్నారేమోనని హడలిపోయిందనీ చెప్పింది.

కిటికీలోంచి చూస్తుంటే రోడ్డుకి రెండు వైపులా ఎర్రగా పరిచిన మిరపకాయలు. పత్తి తీసేసిన చేలల్లో ఎండుకట్టె నిలబడి ఉంది. లారీల్లోంచి జారిన దూది తుమ్మకంపకి అక్కడక్కడా పట్టుకుని వేలాడుతోంది. నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప పండును అని పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను. చూడడం ఇదే మొదలు. నాకు కొంచెం సిగ్గేసింది.

అద్దంకిలో టిఫిను

అద్దంకిలో బస్సు మారాలి. బస్టాండు పక్కన ఒక హోటల్లో ఇడ్లీ చెప్పి, చట్నీలో కారం తక్కువ ఉండేట్టు చూడమన్నాను. హోటలాయన లోపలికెళ్ళి వేరే గిన్నెలో తెచ్చాడు. ఒక ముక్క అద్దుకుని తిన్నాక నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఇదేమిటండీ అన్నాను. "అది చంటిపిల్లలకి పెట్టే చట్నీ అమ్మా. అంతకన్నా తక్కువ మా దగ్గర లేదు" అని ఆయన నొచ్చుకున్నాడు. ఇంకో ఇడ్లీ మీద పంచదార చల్లించుకుని తిన్నాను. వేడి కాఫీ, ఇడ్లీ కలిపి యాభై రూపాయలు. పంచదారకి డబ్బు తీసుకోలేదు. కానీ నేను పంచదారతో ఇడ్లీ తినడం చూడడానికి వంటగదిలోంచి ఇద్దరు బయటికి వచ్చారు.

దర్శి దాటాక చిన్న బస్సు. మధ్యాహ్నం మూడింటికి దిగాను. ఊరి పేరు రాయొద్దని సలోమమ్మ గారు మాట తీసుకున్నారు. "పేరు రాస్తే జనం వస్తారు, జనం వస్తే నేను నడుం వాల్చడానికి ఉండదు" అన్నారు.

చర్చి వసారా

సలోమమ్మ గారికి అరవై ఆరేళ్ళు. సన్నగా, నిటారుగా ఉంటారు. ఇప్పటికీ చేతికి వాచీ లోపలి వైపుకి పెట్టుకుంటారు, నాడి చూసే అలవాటు పోలేదు. నన్ను చూడగానే మణికట్టు పట్టుకుని, అర నిమిషం లెక్కబెట్టి, "తొంభై ఎనిమిది. పరిగెత్తుకుంటూ వచ్చారా?" అన్నారు. బస్సులో కూర్చుని వచ్చానన్నాను. "మాత్రలు వేసుకుంటున్నారు కదా? ఇక్కడికొచ్చాక ఆపొద్దు. యోగా మాత్రలకి పోటీ కాదు" అన్నారు. అప్పుడే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

తరగతి సాయంత్రం ఐదున్నరకి, చర్చి వసారాలో. పొద్దున ఎవరికీ కుదరదు. ఆడవాళ్ళందరూ తెల్లారకముందే మిరపకాయ కోతకి వెళ్ళిపోతారు. సాయంత్రం వచ్చి, వంట మొదలుపెట్టేలోపు దొరికే గంటే ఇది. మొదట్లో పాస్టరు గారు ఒప్పుకోలేదట. ఇది మనది కాదు, మంత్రాలుంటాయి అన్నారట. సలోమమ్మ గారు వాదించలేదు. "అయ్యగారూ, ఊపిరి ఎవరిది?" అని అడిగారు. తర్వాత కొన్నాళ్ళకి ఆయనకే మెడ పట్టేసింది. ఇప్పుడు వెనక వరసలో కుర్చీలో కూర్చుని అందరికన్నా శ్రద్ధగా చేస్తున్నారు. ఇక్కడ ఓంకారం ఉండదు. పెదాలు మూసుకుని "మ్‌మ్" అని తుమ్మెదలా రొద చేస్తారు. లోపల ఎవరికి ఇష్టమైన మాట వాళ్ళది. ఒకరు ప్రభువుని తలుచుకుంటారు, కోటేశ్వరమ్మ అనే ఆమె కోటప్పకొండ స్వామిని తలుచుకుంటుంది, ఇంకొకామె తన గేదెని తలుచుకుంటానని ఒప్పుకుంది.

మొదటి సాయంత్రం నన్ను పరిచయం చేసి, పేరు చెప్పమన్నారు. లేచాను. ఇరవై మొహాలు. గుండె దడ మొదలైంది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. ముందు వరసలో ఒక నల్లటి, పొడుగాటి మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు, "పేరు కూడా చెప్పలేనంతగా ఏం జరిగిందే తల్లీ నీకు!" అంది. ఎగతాళి కాదు. మాట మాత్రం చర్చి గోడలకి తగిలి తిరిగొచ్చింది. ఆమె పేరు మార్తమ్మ. ముఠా మేస్త్రి, అంటే కోతకెళ్ళే ఆడవాళ్ళ జట్టుకి పెద్ద.

తర్వాత సింహాసనం వేయించారు. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు పెద్దవి చేసి, నాలుక గడ్డం దాకా చాపి, "హా" అని గర్జించాలి. ఇరవై మంది ఆడవాళ్ళు, ఒక పాస్టరు గారు నాలుకలు చాపి గర్జిస్తుంటే బయట కుక్కలు మొరిగాయి. నేను కొంగు అడ్డం పెట్టుకుని నాలుక కొసమాత్రం బయటపెట్టాను. పద్దెనిమిదేళ్ళు గౌరవంగా బతికిన టీచరు నాలుక అంతకన్నా బయటికి రాదు.

ఇక్కడ ఊపిరి

రాత్రి సజ్జరొట్టె, గోంగూర, గడ్డపెరుగు పెట్టి, సలోమమ్మ గారు నర్సులా చెప్పారు. "భయమేస్తే మీరు గాలి లోపలికి లాగుతున్నారు, వదలడం లేదు. నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పోస్తే పడతాయా? నాలుగు లెక్కపెట్టి పీల్చండి, ఆరు లెక్కపెట్టి వదలండి. వదిలేదే మందు. మాట కూడా వదిలే గాలి మీదే కదా బయటికొచ్చేది." ఇంతేనా అనిపించింది. శుక్రవారం రోజంతా అదే చేశాను, మంచం మీద, వసారాలో, మజ్జిగ తాగుతూ. సాయంత్రం నాడి ఎనభై రెండుకి దిగింది.

గాలిని చకచకా చిమ్మే కపాలభాతి లాంటివి మాత్రం మిరప సీజను అయ్యేదాకా ఈ ఊళ్ళో నిషేధం. గాలి తూర్పు నుంచి వీస్తే తరగతి పడమటి వసారాలో, పడమటి నుంచి వీస్తే తూర్పు వసారాలో. మిరపకాయలు ఎండబోసిన కల్లాలు ఎటున్నాయో చూసుకుని ఊపిరి పీల్చాలి. మా కాకినాడలో గాలి ఎటు వీస్తుందో చేపలు పట్టేవాళ్ళు తప్ప ఎవరూ చూడరు.

ఇంకో సంగతి గమనించాను. భ్రామరి, అంటే ఆ తుమ్మెద రొద, చేసేటప్పుడు బొటనవేళ్ళతో చెవులు మూసుకుని, మిగతా వేళ్ళు కళ్ళ మీద ఆనించుకోవాలి. నేను ఇంటి దగ్గర వీడియోలు చూసి అలాగే నేర్చుకున్నాను. ఇక్కడ మాత్రం అందరూ కొంగులు బొటనవేళ్ళకి చుట్టుకుని చెవులు మూసుకుంటున్నారు. మిగతా వేళ్ళు గాల్లో నిక్కబొడుచుకుని ఉన్నాయి. పాపం, వీళ్ళకి సరిగ్గా తెలియదు అనుకున్నాను. నా టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? మర్నాడు నేను సరిగ్గా చేసి చూపిస్తే వాళ్ళే నేర్చుకుంటారని కూడా అనుకున్నాను.

కల్లంలో శనివారం

శనివారం మార్తమ్మ ముఠాకి ఊళ్ళోనే పని, ఎండిన కాయలకి తొడిమలు తీయడం. "ఊరికే కూర్చుంటే ఏం తోచుద్ది, రా టీచరమ్మా" అని నన్నూ తీసుకెళ్ళింది. టార్పాలిన్ నీడన గుండ్రంగా కూర్చుని, ఒక చేత్తో కాయ పట్టి, ఇంకో చేతి గోటితో తొడిమ గిల్లి పారేయాలి. వాళ్ళ చేతులు కనబడనంత వేగంగా కదులుతున్నాయి. నేను ఒక కాయ తీసేలోపు సువార్త అనే అమ్మాయి పది తీసింది. ఎవరూ నన్ను మాట్లాడమని అడగలేదు. వాళ్ళే మాట్లాడుకుంటున్నారు, అల్లుళ్ళ గురించి, ఆధార్ కార్డుల గురించి, ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచితనం గురించి. నాలుగు గంటలు నా మనసులో ఏ భయమూ లేదు. సాయంత్రం చేతులు నీళ్ళతో కడుక్కుని, అటునుంచి అటే తరగతికి వెళ్ళాను.

భ్రామరి మొదలైంది. వాళ్ళు కొంగులు చుట్టుకున్నారు. నేను సరిగ్గా, పద్ధతిగా, అందరికీ కనబడేలా వేళ్ళు కళ్ళ మీద ఆనించాను.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత అరిచాను. అమ్మా అనా, అయ్యో అనా, నాకు తెలియదు. వసారా అదిరిపోయేలా అరిచాను. లేచి గెంతాను. "మంట! నీళ్ళు! ఎవరైనా నీళ్ళు తెండి! చూస్తారేంటి?" అని ఇరవై మంది మీదా కేకలేశాను. ఒకామె మజ్జిగ తెస్తానంది, సలోమమ్మ గారు కసిరారు. "కళ్ళకి మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు. రుద్దొద్దు!" అని నా తల వంచి చెంబులతో నీళ్ళు పోయించారు. చేతులకి నూనె రాయించి, రెండుసార్లు సబ్బుతో కడిగించారు. ఒట్టి నీళ్ళకి మిరప కారం పోదని ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

కళ్ళు తెరిచేసరికి అందరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నారు. నేనే ముందు నవ్వాను. మార్తమ్మ నేల మీద కూలబడి నవ్వింది.

"మేం కళ్ళ మీద వేళ్ళు ఎందుకు పెట్టుకోమో ఇప్పుడు తెలిసిందా టీచరమ్మా?"

"ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వు చదువుకున్నదానివి, తెలుసేమో అనుకున్నాం!"

సలోమమ్మ గారు కళ్ళు పరీక్షించి, "గొంతు మాత్రం నిక్షేపంలా ఉంది. ఊరు చివర దాకా వినపడి ఉంటుంది" అన్నారు. ఆ రాత్రి నేను పిల్లిమొగ్గలు వేసేంత సంతోషంగా ఉన్నాను. నయమైపోయిందనుకున్నాను.

ఆదివారం

నయం కాలేదు. ఆరాధన అయ్యాక సండే స్కూలు పిల్లలు పాతికమంది కూర్చున్నారు. సలోమమ్మ గారు, "సముద్రం గురించి వీళ్ళకి రెండు ముక్కలు చెప్పండి, చాలామంది చూడలేదు" అన్నారు. ఉత్సాహంగా లేచాను. పిల్లలు తలలెత్తి చూశారు. అంతే, మళ్ళీ అదే దడ. అదే ఎండిపోయిన నాలుక. పది క్షణాలు నిలబడి, కూర్చుండిపోయాను. పాస్టరు గారు వెంటనే పాట అందుకుని నన్ను కాపాడారు.

ఇంటికొచ్చి సలోమమ్మ గారితో చెప్పేశాను. "నావల్ల కాదండీ. లైబ్రరీ తీసుకుంటానని హెడ్ మాస్టరు గారికి చెప్పేస్తాను." ఆవిడ ఓదార్చలేదు. "చెప్పుకోండి. లైబ్రరీ కూడా మంచి పనే. కానీ సెలవు ఇంకా ఉంది కదా, ఉన్నన్నాళ్ళు ఊపిరి మాత్రం మానొద్దు" అని కందులు చెరగడానికి కూర్చున్నారు. ఆవిడ మీద కోపం వచ్చింది. అయినా సాయంత్రం తరగతికి వెళ్ళాను.

పొదిలి

సోమవారం మనసు మళ్ళించుకుందామని ఒక్కదాన్నే పొదిలి వెళ్ళాను. చిన్న ఊరే, కానీ బజారు నిండుగా ఉంది. విత్తనాల కొట్లు, పురుగుమందుల కొట్లు, మధ్యలో సెల్‌ఫోన్ల కొట్లు. ఒక కొట్లో కింద పరుచుకోవడానికి నూలు జంపఖానా చూశాను. నాలుగు వందల యాభై చెప్పాడు. మా వైపు బేరం ఒక కళ, మెత్తగా సాగదీస్తాం. ఇక్కడ నేను "కొంచెం చూసి చెప్పండే" అంటే కొట్టాయన, "చూసే చెప్పానమ్మా. నాలుగొందలు. ఇష్టమైతే తీసుకో, లేకపోతే టీ తాగి పో" అన్నాడు. తీసుకున్నాను, టీ కూడా తాగాను. మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగి, గట్టిగా నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లు వదిలి, ధైర్యం చేసి ఒకటి తిన్నాను. లోపల వాము, చింతపండు పెట్టారు. నేను అనుకున్నంత కారం లేదు. ఐదు రోజులకే నా నాలుక ఊరు మారినట్టుంది.

మంగళ, బుధ వారాలు నేనూ వాళ్ళలాగే కొంగు చుట్టుకుని భ్రామరి చేశాను. సింహాసనంలో నాలుక గడ్డం దాకా వచ్చింది. సిగ్గు ఎప్పుడు పోయిందో గమనించలేదు.

మార్తమ్మ వీధి

గురువారం తెల్లవారుజామున ఐదు కాకముందే ఎవరో తలుపు కొట్టారు. మార్తమ్మ. మాట్లాడుతోంది గానీ గాలి తప్ప శబ్దం రావడం లేదు. ముందు రోజంతా మిరప దుమ్ములో పనిచేసి, గొంతు పూర్తిగా పోయింది. సలోమమ్మ గారు ఆవిరి పెట్టడానికి నీళ్ళు కాస్తూ నాకు సంగతి చెప్పారు.

ఈ ఊళ్ళో పనికి పిలుపు ఉంటుంది. తెల్లవారుజామున మేస్త్రి వీధి వెంట నడుస్తూ గుమ్మం గుమ్మం దగ్గరా పేరు పెట్టి పిలవాలి. లోపల్నుంచి జవాబు వచ్చేదాకా కదలకూడదు. ఊరికే తలుపు కొడితే చాలదు, ముఠాలో వాళ్ళు ఒకరినొకరు పిలుచుకోకూడదు. పిలిస్తేనే ఆ రోజు పని ఆమెది. మెలకువగా ఉన్నా, అన్నం మూట కట్టుకుని సిద్ధంగా ఉన్నా, పిలవకపోతే గడప దాటదు. "పిలవకుండా ఎట్టా వస్తాం, మర్యాద ఉండొద్దా?" అంటారు.

"ఫోన్ చేయొచ్చు కదా?" అన్నాను.

మార్తమ్మ నా వంక జాలిగా చూసి, గాలి గొంతుతో, "ఫోను చేస్తే పిలిచినట్టా?" అంది. ఐదున్నరకి ఆటో వస్తుంది. దర్శి అవతల రైతు ఆరున్నర దాటితే వేరే ముఠాని దింపుకుంటాడు. పద్దెనిమిది మంది కూలి పోతుంది. సలోమమ్మ గారికి మోకాళ్ళ నొప్పి, పరుగులు తీయలేరు. మార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు పిలువమ్మా. నేను పక్కన నడుస్తా. నన్ను చూస్తే నమ్ముతారు."

నాకు రాదన్నాను. ఆదివారం చూశావు కదా అన్నాను. "చూశా" అంది. "శనివారం కూడా చూశా."

మొదటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. వీధి నిశ్శబ్దంగా ఉంది. ప్రతి తలుపు వెనకా ఒక మనిషి వింటోందని నాకు తెలుసు. గుండె కొట్టుకుంటోంది. కొట్టుకోనీ అనుకున్నాను. ముందు గాలంతా వదిలేశాను, ఆరు లెక్కపెట్టి. పీల్చాను. పెదాలు మూసుకుని సన్నగా "మ్‌మ్" అన్నాను. ఆ శబ్దం ఛాతీలో ఉంది, పోలేదు. దాన్ని ఆపకుండానే నోరు తెరిచాను.

"మ్‌మ్‌మరియమ్మా!"

లోపల గిన్నె చప్పుడైంది. "ఆ! ఎవరదీ?"

"టీచర్ని! మార్తమ్మ ఉంది ఇక్కడే. ఆటో వస్తోంది, రా!"

"వస్తన్నా!"

ఆ జవాబు విన్నప్పుడు నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆరు నెలల తర్వాత నేను కావాలని గట్టిగా ఒక మాట అంటే అవతలి మనిషి బదులు పలికింది. ఏడుస్తూ నిలబడడానికి టైము లేదు, మార్తమ్మ వీపు మీద తట్టి ముందుకు తోసింది. దీనమ్మ, కోటేశ్వరమ్మ, రూతమ్మ, చిన్న మరియమ్మ. ప్రతి గుమ్మం దగ్గరా దడ ఉంది. దడతోనే పిలిచాను. సువార్త మాత్రం రెండుసార్లు పిలిచినా పలకలేదు. మూడోసారి నాకు తెలియకుండానే, "సువార్తా! టైమెంతయిందో తెలుసా? నీ ఒక్కదాని కోసం ఇంతమంది ఆగాలా?" అని గద్దించాను. వీధిలో సగం తలుపులు తెరుచుకున్నాయి. సువార్త జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

ఆటో ఎక్కుతూ కోటేశ్వరమ్మ, "మేస్త్రి పిలిస్తే ఇంకో కునుకు తీస్తాం. ఈ తల్లి పిలిస్తే కునుకు కాదు, ప్రాణం లేచిపోతాది!" అంది. ఆటో మలుపు తిరిగినా వాళ్ళ నవ్వు వినబడుతూనే ఉంది. సలోమమ్మ గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నా మణికట్టు పట్టుకుని లెక్కబెట్టారు. "నూట పది" అన్నారు. భయం పోలేదా అయితే అన్నాను. "ఎందుకు పోవాలి? అది ఉన్నా మీరు మాట్లాడారు కదా" అన్నారు.

శుక్రవారం మార్తమ్మ గొంతు కొంచెం తేరుకుంది. అయినా ఆ రోజు కూడా నేనే పిలుస్తానని పట్టుబట్టాను.

ఒంగోలు

శనివారం ఒంగోలు వచ్చి రైలెక్కాను. స్టేషనుకి వెళ్ళే దారిలో ఒక జత ఎడ్లు బండి లాగుతూ ఎదురొచ్చాయి. తెల్లగా, ఎత్తుగా, తొందర లేకుండా నడుస్తున్నాయి. ఆటో అతను హారన్ కొట్టకుండా ఆగి దారిచ్చాడు. ప్లాట్‌ఫారం మీద నుంచి హెడ్ మాస్టరు గారికి ఫోన్ చేసి, "క్లాసేనండి" అన్నాను. ఆయన, "ఏమిటమ్మా, అంత గట్టిగా మాట్లాడుతున్నారు? రైలు చప్పుడా?" అన్నారు. రైలు ఇంకా రాలేదని చెప్పాను.

కాకినాడ, సోమవారం

ఎనిమిదో తరగతిలోకి వెళ్ళాను. పిల్లలు అలవాటు ప్రకారం నోటు పుస్తకాలు తెరిచి, బోర్డు మీద రాసింది ఎక్కించుకోవడానికి సిద్ధమయ్యారు. సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను. దడ వచ్చింది. నలభై మొహాల్లో ఒకటి ఆ అమ్మాయిది, కాపీ కొట్టిన పిల్లది. తలొంచుకుని కూర్చుంది.

"నాకు భయంగా ఉంది" అన్నాను. గొంతు వణికింది, కానీ వినబడింది. "మీ ముందు మాట్లాడాలంటే ఆరు నెలలుగా భయంగా ఉంది. అందుకే రాశాను. ఒక్క నిమిషం ఆగండి, ఊపిరి పీల్చుకుని మొదలుపెడతాను."

పిల్లలు పెన్నులు కింద పెట్టారు. ఆగారు. నేను వదిలాను, పీల్చాను, వదిలాను. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నాతోపాటు వదలడం కనిపించింది. తర్వాత నేలల పాఠం మొదలుపెట్టాను. నల్లరేగడి గురించి చెబుతూ చెబుతూ కంపకి వేలాడే దూది గురించి, ఒట్టి నీళ్ళకి వదలని కారం గురించి, పంచదార ఇడ్లీ గురించి చెప్పాను. మధ్యలో రెండుసార్లు మాట ఆగింది. ఆగినప్పుడు ఆగాను, మళ్ళీ అందుకున్నాను. కళ్ళలో కారం పడి నేను గెంతిన సంగతికి తరగతంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. తలొంచుకున్న ఆ పిల్ల కూడా తలెత్తి నవ్వింది. నేను ఇంకా ఊపు మీద ఉండగా అదే పిల్ల మెల్లగా చెయ్యి ఎత్తింది.

"ఏంటమ్మా?"

"బెల్లు కొట్టి చాలాసేపయింది టీచర్."